టైలు కింద ఏముంది?

(చిలకలగూడలో జరిగిన సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో నిర్మాణ పనుల విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారుజామున పాలు పోయించుకొని, చిట్టా ముగించి, రెండు బస్సులు మారి మీరు సికింద్రాబాదు చేరుకున్నారు. సాయంత్రం పాల వేళకు మళ్లీ ఊళ్లో ఉండాలి. కనుక మర్యాద మాటలు తగ్గించి విషయానికి వస్తాము.

ఈ మధ్య మన సంఘాల నుంచి మా విభాగానికి వచ్చే ఉత్తరాలలో ఒక కోరిక తరచుగా కనబడుతున్నది. "మా పాల సేకరణ కేంద్రంలో పాత సిమెంటు గచ్చు పాడైంది, దాని మీద టైల్సు వేయించదలిచాము, అంచనా తయారు చేసి పంపగలరు" అని. కోరిక మంచిదే. పాలు పోసే చోటు శుభ్రంగా, తెల్లగా ఉండాలని ఎవరికి ఉండదు? అయితే అంచనా పంపేముందు ఒక సంగతి మీ ముందు దాపరికం లేకుండా చెప్పాలని అనుకున్నాము. అందుకే ఈ సమావేశాన్ని పెద్ద హాలులో కాకుండా ఈ చిలకలగూడ డిపో మేడ మీద పెట్టుకున్నాము. మీరు మెట్లెక్కి వస్తూ కింద చూసిన గచ్చును మేము రెండుసార్లు వేయించాము. మొదటిసారి తప్పు వేయించాము.

ఆ మొదటిసారి కథ చెబుతాము. పాత గచ్చు కాంక్రీటుది. బలమైనదే. కానీ క్యాన్లు దించే చోటా, కడిగే చోటా పైపొర కొట్టుకుపోయి లోపలి కంకర పళ్లలా బయటపడింది. టైల్సు వేయిస్తే సరిపోతుందని నిర్ణయించాము. రెండడుగుల చదరపు టైల్సు, నిగనిగలాడేవి, ఎంపిక చేశాము. మేస్త్రీ పనిమంతుడే. ఇళ్లలో హాళ్లు ఎన్నో వేసినవాడు. రసమట్టం పెట్టి గీత గీసినట్టు సమంగా వేశాడు. సందు అనేది కనబడకుండా టైలుకు టైలు ఆనించాడు. పాలు ఆపడానికి వీల్లేదు గనుక శనివారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం తెల్లవారి క్యాన్లు దించాము. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము.

మూడు నెలలకు వాసన మొదలైంది. పుల్లటి వాసన, కడిగినా పోని వాసన. వానాకాలం వచ్చేసరికి ఈగలు ముసిరాయి. డిపోలో క్యాన్లు, నేల కడిగే ఆవిడ ఒకరు ఉన్నారు. మా అనుమానం సహజంగా ఆవిడ మీదికే పోయింది. "ఏమమ్మా, సరిగ్గా కడుగుతున్నావా లేదా?" అని అందరి ముందూ అడిగాము. "నాల్గుసార్లు కడిగిన సారూ. వాసన పైన లేదు, బండల కిందికెళ్లి వస్తున్నది" అన్నదామె. మేము వినలేదు. సోడా కొనిచ్చాము, బ్లీచింగు పొడి కొనిచ్చాము, దుకాణంలో బాత్రూములు కడిగేందుకు అమ్మే యాసిడ్ కూడా కొనిచ్చాము. అది మేము చేసిన రెండో తప్పు, దాని సంగతి తరువాత చెబుతాము. ఒక నెల ఆవిడ జీతంలో కోత కూడా పడింది.

ఆ తరువాత ఒకరోజు తెల్లవారుజామున ఒక నిండు క్యాను చేజారి అంచు మీద పడింది. 40 లీటర్ల పాలంటే 41 కిలోల పైచిలుకు. క్యాను బరువు కలుపుకుంటే 50 కిలోలకు దగ్గర. టైలు పగిలింది. పగిలిన ముక్కను ఎత్తి చూస్తే కింద ఐదు సిమెంటు ముద్దలు ఉన్నాయి. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. మిగిలినదంతా డొల్ల. ఆ డొల్లలో పసుపుపచ్చగా విరిగిన పాలు, జిగురు, పురుగులు. ఆవిడ పక్కనే నిలబడి చూసింది, ఏమీ అనలేదు. కోసిన జీతం తిరిగి ఇచ్చాము. అందరి ముందు అన్న మాటను మాత్రం అందరి ముందే వెనక్కు తీసుకోవలసింది. ఆ రోజు ఆ పని చేయలేదు. ఇప్పుడు చేస్తున్నాము. ఆవిడ కిందే ఉన్నారు, మీకు టీ ఇచ్చినది ఆవిడే.

ఇప్పుడు పాలకూ నేలకూ ఉన్న తగవు ఏమిటో చూద్దాము. ఇది తెలిస్తే మిగిలినవన్నీ తేలిక.

తాజా పాలలో ఆమ్లత, లాక్టిక్ ఆమ్లం లెక్కన, సుమారు 0.14 శాతం ఉంటుందని పరీక్ష చేసే మీ కార్యదర్శులకు తెలుసు. అవే పాలు నేల మీద ఒలికి, సందుల్లో చేరి, తోడుకుంటే అది 0.7 నుంచి 1 శాతం దాకా పోతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు దానిలో కొంత సున్నం విడిగా మిగిలి ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం ఆ సున్నంతో కలిసి నీళ్లలో కరిగే లవణంగా మారుతుంది. మీరు పోసే కడుగునీళ్లు దాన్ని రోజూ తూములోకి తీసుకుపోతాయి. అంటే పాల డిపో గచ్చు అరగడం కాదు, కరగడం. ఇసుక, కంకర మిగులుతాయి, వాటిని పట్టి ఉంచినది పోతుంది.

నాపరాయి వేస్తే ఈ బాధ ఉండదని కొందరు అంటారు. తాండూరు, షాబాదు, బేతంచెర్ల రాళ్లు, రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయి, ఇవన్నీ సున్నపురాళ్లే. ఇంట్లో షాబాదు బండ ఉన్నవారు దాని మీద ఒక నిమ్మచుక్క వేసి చూడండి. బుసబుసమని సన్నని నురగ వస్తుంది. ఆ మచ్చ మరి పోదు. ఈ రాళ్లు మన ఇళ్లకు చల్లనివి, చవకైనవి, వాటిని తక్కువ చేయడం లేదు. ఆఫీసు గదికీ, దాణా గోదాముకూ అవే వేసుకోండి. పాలు ఒలికే చోట మాత్రం వాటికి సిమెంటు గతే పడుతుంది, కాస్త ఆలస్యంగా.

ఎక్కువ వేడిలో కాల్చిన పింగాణీ టైలును లాక్టిక్ ఆమ్లం ఏమీ చేయలేదు. దుకాణంలో విట్రిఫైడ్ అనేది ఈ జాతిదే. సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో మట్టి, ఫెల్‌స్పార్ కరిగి గాజులా ఒకటైపోతాయి. నూరు గ్రాముల టైలు అర గ్రాము నీటిని కూడా పీల్చదు. మనకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. పాల సహకారానికి 1946లో ఆనంద్‌లో పడిన దారీ ఆ రాష్ట్రానిదే, నేల మీద పరిచే టైలూ ఆ రాష్ట్రానిదే అని మా విభాగంలో ఒక పెద్దాయన నవ్వుతుంటారు.

కానీ ఇక్కడే చిక్కు. నీరు పీల్చని టైలు సిమెంటు పాలను కూడా పీల్చదు. పూర్వం ఎర్రమట్టి టైలునో, గోడలకు వేసే తెల్ల టైలునో రాత్రంతా తొట్టిలో నానబెట్టి వేసేవారు. ఆ టైలు వీపు గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉండేది. సిమెంటు పాలు ఆ రంధ్రాలలోకి వెళ్లి వేళ్లూనేవి. ఇప్పటి పింగాణీ టైలును ఎంత నానబెట్టినా ఒకటే, నానబెట్టకపోయినా ఒకటే. ఒట్టి సిమెంటు దాన్ని పట్టదు, ఆనుకొని ఉంటుంది, అంతే. ఒక్క ఎండాకాలం చాలు విడిపోవడానికి. మన మేస్త్రీలు ఇప్పటికీ తొట్టి నింపమంటారు. వాళ్ల తప్పు కాదు, నేర్చుకున్న నాటి టైలు వేరు.

దీనికి పాలిమర్ కలిపిన జిగురు సిమెంటు సంచుల్లో వస్తుంది. టైల్ అడెసివ్ అంటారు. సంచి మీద ఐ.ఎస్. 15477 అనే గుర్తు ఉన్నదీ లేనిదీ చూసుకోండి. నీళ్లు సంచి మీద రాసిన కొలతకే పోయాలి. కలిపి ఐదు పది నిమిషాలు ఉంచి, మళ్లీ కలిపి వాడాలి. గట్టిపడుతున్నదని మధ్యలో నీళ్లు పోశారంటే అది జిగురు కాదు, బురద.

పాత గచ్చును సిద్ధం చేయడమే సగం పని. డబ్బు అంచనాలో ఈ భాగాన్ని అందరూ కొట్టేస్తారు. ఏళ్ల తరబడి పాలు ఒలికిన కాంక్రీటులోకి వెన్న దిగి ఉంటుంది. పది చోట్ల నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క ఇంకితే మంచిది. తామరాకు మీద బొట్టులా నిలిచిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే, దాని మీద ఏ జిగురూ నిలవదు. వేడి నీళ్లు, చాకలి సోడాతో రుద్ది కడగాలి. అప్పటికీ చుక్క నిలిస్తే ఆ పొరను ఉలితో చెక్కి తీసేయాలి. తరువాత సుత్తితో గచ్చంతా తట్టుకుంటూ పోవాలి. డొల్ల పలికిన చోటును పగలగొట్టి తిరిగి పూరించాలి. ఇక తేమ పరీక్ష. రాత్రి ఒక చదరపు పాలిథీను కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో అంటించి ఉంచండి. తెల్లవారి దాని లోపలి వైపు చెమట పట్టి ఉంటే నేలలోంచి తేమ వస్తున్నదన్న మాట. అటువంటి చోట ముందు తేమను ఆపాలి, టైలు మాట తరువాత. కొత్తగా పోసిన కాంక్రీటు అయితే 28 రోజులు ఆగండి. అది ముడుచుకొనేదంతా ముడుచుకోవాలి, తన మీద టైలును పెట్టుకొని ముడుచుకోకూడదు.

కాంక్రీటులో పగుళ్లుంటే వాటిని సిమెంటుతో పూసి మరచిపోవద్దు. కదిలే పగులు కింద ఉంటే పైన టైలు కూడా అదే గీతన పగులుతుంది. ఆ గీతను టైళ్లలో కూడా సందుగా వదిలి, సాగే సీలెంటుతో నింపాలి. గది నాలుగు వైపులా గోడకూ టైలుకూ నడుమ 8 మిల్లీమీటర్లయినా వదలాలి, దాన్నీ సీలెంటుతోనే నింపాలి. మన ఎండలకు, క్యాన్లు కడిగే వేడినీళ్లకు టైలు కొద్దిగా సాగుతుంది. చోటు లేకపోతే ఇల్లు కప్పినట్టు పైకి లేస్తుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఫట్‌మని శబ్దం వచ్చి రెండు టైల్సు గుడారంలా నిలబడిన సంగతి మీలో కొందరు ఇళ్లలో చూసే ఉంటారు. దయ్యమేమీ కాదు, సందు లేకపోవడమే.

ఇప్పుడు వాటం సంగతి. చిలకలగూడలో మేము పోగొట్టుకున్నది ముఖ్యంగా ఇదే. పాత గచ్చుకు తూము వైపు వాటం ఉండేది. దాని మీద మేస్త్రీ హాలు వేసినట్టు సమంగా వేశాడు, మేము పక్కనే నిలబడి మెచ్చుకున్నాము. దానితో నీళ్లు నిలిచాయి. పాల గదికి పదడుగులకు రెండంగుళాల వాటం ఉండాలి. ఆ వాటాన్ని జిగురు మందంతో తెద్దామనుకోవద్దు, మందంగా వేసిన జిగురు ఆరుతూ కుంగుతుంది. ముందే ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు ఇసుకతో వాటపు పొర పోసి, నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, బకెట్టు నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో కళ్లారా చూశాకే టైలు ముట్టండి. ఈ పొరా, టైలూ కలిసి నేల మట్టం పెరుగుతుంది. తూము జాలీని, తలుపు గడపను, కూలరు కాళ్లను ముందే చూసుకోండి. రెండడుగుల టైలు నాలుగు వైపుల వాటానికి ఒంగదు. అడుగు చదరం, అంతకంటె చిన్నదయితేనే తూము చుట్టూ చక్కగా కూర్చుంటుంది. నిగనిగలాడేది అసలే వద్దు. వెన్న పడిన నున్నని టైలు మీద నిండు క్యానుతో నడిచే మనిషి గురించి ఒక్క క్షణం ఆలోచించండి. గరుకు ముఖం ఉన్నదే తీసుకోండి. క్యాన్లు దించే చోటికి ఐ.ఎస్. 4457 కింద వచ్చే ఆమ్లాన్ని తట్టుకొనే మందపు టైల్సు దొరికితే ఇంకా మంచిది. అవి అందంగా ఉండవు. కింద మీరు చూసినవి అవే.

వేసే తీరు చెబుతాము. టైలు వీపున ఒక్కోసారి తెల్లటి పొడి అంటుకొని ఉంటుంది, కొలిమిలో అతుక్కోకుండా పూసినది. తడిగుడ్డతో తుడిచేయాలి. పళ్ల తాపీతో జిగురును గచ్చు మీద ఒకే దిక్కున గీతలు పడేలా లాగాలి, టైలు వీపున కూడా పలుచగా ఒక పూత వేయాలి. ఆ గీతలకు అడ్డంగా టైలును ముందుకూ వెనక్కూ జరుపుతూ నొక్కాలి, అప్పుడు గీతల నడుమ గాలి బయటికి పోతుంది. ఎండాకాలంలో పరచిన జిగురు మీద పదిహేను నిమిషాలలో పైపొర కడుతుంది. వేలితో తాకితే వేలికి అంటాలి. అంటకపోతే గీకి పారేసి కొత్తది పరచాలి. ఇరవై టైల్సు వేసినప్పుడల్లా ఒకదాన్ని తడిగా ఉండగానే ఊడదీసి వీపు చూడండి. తడి గదికి నూటికి 95 పాళ్లు జిగురు అంటి ఉండాలి. మేస్త్రీ కోపగించుకుంటాడు. కోపగించుకోనివ్వండి. ఆ ఊడదీసిన టైలు ఒక్కటి మా మొదటి పనిలో చూసి ఉంటే ఐదు ముద్దలూ ఆ రోజే బయటపడేవి.

సందుల విషయంలో మన ఇళ్ల అలవాటును పాలగదికి తేవద్దు. ఆనించి వేస్తే సందు లేకుండా పోదు, నింపలేనంత సన్నని సందు మిగులుతుంది. అందులోకి పాలు వెళ్తాయి గాని నింపే మందు వెళ్లదు. 5 మిల్లీమీటర్ల సందు వదలండి. అందులో సిమెంటు గ్రౌటు నింపితే మళ్లీ మొదటికే వచ్చినట్టు, పాలు టైలును వదిలి సందును తింటాయి. ఎపాక్సీ గ్రౌటు వాడాలి. అది రెండు డబ్బాలలో వస్తుంది. రెండూ డబ్బా మీది కొలతకే కలపాలి, సగం సగం అంచనాగా కలిపితే ఎప్పటికీ గట్టిపడదు. కలిపినది ముప్పావు గంటలో వాడేయాలి, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. టైలు మీద అంటినదాన్ని తడి స్పాంజితో వెంటనే తుడవాలి, మర్నాడయితే ఉలి కూడా తీయలేదు. గోడ మొదట్లో మూలను లంబకోణంగా వదలకుండా గుండ్రంగా తిప్పితే కడిగేవాళ్ల చీపురు అందుతుంది.

యాసిడ్ సంగతి చెబుతామన్నాము. మొదటి గచ్చు సందుల్లో ఉన్నది సిమెంటే. వాసన పోవాలని మేమే కొనిచ్చిన యాసిడ్, పాలు మూడేళ్లలో తినేదాన్ని మూడు వారాలలో తినేసింది. దారులు ఇంకా తెరుచుకొని ఇంకా పాలు కిందికి దిగాయి. టైలు వేసిన పాలగదిలోకి ఆ సీసాను రానివ్వకండి. వేడి నీళ్లు, సోడా, కుంచె చాలు. బ్లీచింగును, యాసిడ్‌ను ఒకేచోట కలిపితే ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ రెండూ ఒకే వారంలో ఆ అమ్మ చేతికిచ్చాము. ఏమీ కాకపోవడం మా అదృష్టం.

ఒక అధ్యక్షులవారు ఇందాక మెట్ల దగ్గర అడిగారు, "ఇన్ని రోజులు పాలు ఎక్కడ పోయించుకోవాలి?" అని. న్యాయమైన ప్రశ్న. జిగురు ఆరడానికి ఒక రోజు ఆగి సందులు నింపాలి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడి పాలకు, సోడాకు తట్టుకోవాలంటే ఏడు రోజులు. గది పెద్దదైతే సగం సగంగా వేయించండి. చిన్నదైతే పంచాయతీ అరుగునో, ఎవరి పందిరినో పది రోజులు అడిగి పుచ్చుకోండి. పాల పని తక్కువగా ఉండే వేసవి నెలల్లో పెట్టుకుంటే సులువు, అయితే జిగురు త్వరగా ఆరే సంగతి గుర్తుంచుకొని తెల్లవారుజామున, సాయంత్రం వేయించండి. సోమవారం క్యాన్లు దించాలని శనివారం పని మొదలుపెట్టకండి. ముద్దలు పెట్టింది మేస్త్రీయే గాని, పెట్టేలా తరిమింది మేము.

ఖర్చు గురించి. జిగురు, ఎపాక్సీ వేస్తే ఖర్చు పెరుగుతుంది, నిజమే. దాన్ని తగ్గించే మార్గం వాటిని మానుకోవడం కాదు, విస్తీర్ణం తగ్గించుకోవడం. పాలు దించే చోటు, పరీక్ష బల్ల చుట్టూ, క్యాన్లు కడిగే చోటు, కూలరు చుట్టూ, అంతవరకే వేయండి. కార్యదర్శి కుర్చీ కింద టైలు లేకపోతే పాలు చెడవు. మీ కాంక్రీటు గచ్చు ఇంకా గట్టిగా ఉండి, వాటం సరిగా ఉండి, కంకర తేలకపోతే టైల్సే వేయవద్దని మా సలహా. అటువంటి సంఘాలు మాకు రాస్తే వచ్చి చూసి, వద్దనే చెబుతాము. సభ్యులు లీటరుకింత చొప్పున కూడబెట్టిన సొమ్ము అది.

పని అప్పగించేటప్పుడు కమిటీ తీర్మానంలో రెండు వాక్యాలు చేర్చండి. వీపు చూడడానికి టైలు ఊడదీయించే హక్కు సంఘానిదని ఒకటి. బిల్లులో పదో వంతు నెల తరువాత, గచ్చంతా తట్టి చూశాకే ఇవ్వబడునని రెండోది. తట్టేరోజు సభ్యులను కూడా పిలవండి, ముఖ్యంగా నేల కడిగేవారిని. వాళ్ల చెవికి తెలిసినంత మనకు తెలియదు.

ఇక కిందికి దిగుదాము. జేబులో రూపాయి బిళ్ల ఉంటే చేత పట్టుకోండి, లేకపోతే మా దగ్గర సుత్తులున్నాయి. తూము పక్కన మూడో వరుసలో ఒక టైలు మాకు అనుమానంగా ఉంది. ఆవిడ డొల్ల అంటున్నారు, మా మేస్త్రీ కాదంటున్నారు. మీరు తట్టి చెప్పండి, ఊడదీయాలంటే ఇప్పుడే ఊడదీయిస్తాము.